ఎడమ మోకాలి స్టెప్పు

బరాత్ బండి ఉప్పల్ సందులోకి మళ్లగానే ప్రవళిక కొంగు నడుముకు దోపుకుంది. డెబ్బై దాటిన మనిషే గానీ, తీన్మార్ చెవిన పడితే ఇప్పటికీ కాలు నిలవదు. ఆ దరువూ ఆమెతోపాటే ముసలిదైంది. ఆడేవాళ్ల గుండెల్నీ కీళ్లనీ కనిపెట్టుకుంటూ డీజే పెట్టె ఏటికేడు తనంతట తానే వేగం తగ్గించుకుంది. ఇప్పుడు ప్రతి మూడు దెబ్బల తర్వాతా హాయిగా ఊపిరి పీల్చుకునేంత విరామం.

ఆ విరామంలో ప్రవళిక ఎప్పటిలాగే ఎడమ మోకాలు పట్టుకుని "అబ్బా" అంది.

"అబ్బా!" అన్నారు వెనకనుంచి వందమంది.

తిరిగి చూస్తే పెళ్లికొచ్చిన కుర్రకారంతా ఎడమ మోకాళ్లు పట్టుకుని వంగి ఉంది. ముందు వరుసలో ఆమె మనవరాలు సాత్విక.

"ఏందే, ఎక్కిరిస్తున్నరా మమ్ముల?" కస్సుమంది ప్రవళిక.

"ఎక్కిరిచ్చుడేంది అమ్మమ్మా! నీ డాన్సు వీడియో చూసే నేర్చుకున్నం ఈ స్టెప్పు."

"స్టెప్పు కాదే పిచ్చిదానా, నొప్పి!"

"మోకాలికి నొప్పేంది?" సాత్విక నిజంగానే అడిగింది. ఆ పిల్ల ఎరిగిన లోకంలో అరిగిన కీళ్లతో తిరిగేవాళ్లెవరూ లేరు.

మళ్లీ మూడు దెబ్బలు పడ్డాయి. సందంతా ఒక్కసారిగా వంగింది. ప్రవళికకు అప్పుడు తట్టింది. తనకు మాత్రం నొప్పెక్కడిది? కొత్త మోకాళ్లు వేయించుకుని ఏళ్లయింది.

అయినా ఆ తర్వాతి మూడు దెబ్బలకు అందరికంటే ముందు ఆమె చేయే మోకాలి మీదికి పోయింది.