వెనక పడాల్సిన వాన

బుచ్చయ్య ఇంట్లో వెనక స్పీకర్లు మళ్లీ మొరాయించాయి.

ఫోన్ రావడమే ఆలస్యం, వీరేందర్ సూర్యాపేటలో షాపు షట్టర్ దించేసి, మిర్యాలగూడ దాకా బండి మీద ఈల వేసుకుంటూ వచ్చాడు. మొరాయించక ఏం చేస్తాయి? పోయినసారి వెళ్తూ వెళ్తూ ఎడమ స్పీకరు మూతిని గోడకేసి తిప్పి వెళ్లింది ఈ మహానుభావుడే.

పని రాక కాదు. హోమ్ థియేటర్ బిగించడంలో అతని చెయ్యి పడితే తిరుగులేదు. తప్పంతా బుచ్చయ్య కూతురు సంతోషిది. మొదటి రోజు సోఫా మధ్యలో కూర్చుని, కళ్లు మూసుకుని, సినిమాలో వాన సీను వింటూ, "వాన ముందట్నే పడుతుంది. నా ఎనక పడ్తలేదు" అంది. వీరేందర్ వెనక స్పీకర్లను ఆమె చెవికన్నా మూరెడు ఎత్తున, పక్కల నుంచి కాస్త వెనక్కి జరిపి, ఆమె వైపు తిప్పాడు. ఆమె పకపకా నవ్వింది.

"ఇగో, ఇప్పుడు తడిసిపోయిన!"

తడిసింది ఆమె. జ్వరం వచ్చింది మాత్రం వీరేందర్‌కు.

మనసులో మాట చెప్పే ధైర్యం అతనికి లేదు. స్క్రూడ్రైవర్‌కు మాత్రం బోలెడు ధైర్యం. అందుకే వచ్చినప్పుడల్లా సరిచేయడం, వెళ్లేటప్పుడు ఒకటి తిప్పేయడం. విచిత్రం ఏమిటంటే, తను ఒకటి తిప్పి వెళ్తే మళ్లీ వచ్చేసరికి రెండూ గోడనే చూస్తుండేవి. ఎలుకల పని అనుకున్నాడు. ప్రేమలో పడ్డవాడి బుర్ర అంతకన్నా ఏం పనిచేస్తుంది?

ఈసారి గుమ్మంలోనే అతని అడుగు ఆగిపోయింది. వాకిట్లో పెద్ద ముగ్గు. లోపలి నుంచి గారెల వాసన. సంతోషి పట్టుచీర కట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది.

"ఏంది సార్, పండుగనా?"

"పండుగ గాదు, పెళ్లిసూపులు," అన్నాడు బుచ్చయ్య. "జల్ది కానియ్యి. అగో, మా అత్తమ్మ, మా బామ్మర్ది మంగయ్య గుడ కోదాడ నుంచి దిగిన్రు."

సబ్‌వూఫర్ ఆన్ చేయకుండానే వీరేందర్ గుండెలో దడదడ మొదలైంది. ఎవడో రాబోతున్నాడు. వచ్చి ఈ సోఫాలో కూర్చుంటాడు. గారెలు తింటాడు. సంతోషిని ఎగాదిగా చూస్తాడు.

ఎట్లా కూర్చుంటాడో తనూ చూస్తాడు! ఉన్న వైర్లన్నీ ఊడబీకి గది నిండా మురుకుల్లా పరిచాడు. పని తెమిలితే కదా పెళ్లిచూపులు.

బుచ్చయ్య అత్తగారు కృష్ణమ్మ ఆ వైర్లను దాటుకుంటూ వచ్చి సోఫాలో తిష్ట వేసింది. పక్కన మంగయ్య.

"అబ్బాయ్, మనిషి అడ్డం నడిస్తే సౌండ్ ఆగిపోద్దా?" అందామె. "ఏదీ, ఆ మూల నుంచి ఈ మూలకు నడువు."

ఈవిడొకతె నా ప్రాణానికి అనుకుంటూ నడిచాడు.

"మళ్ల పాడైతే నిన్ను ఏడ దొర్కవట్టాలె?" అన్నాడు మంగయ్య. "షాపు సొంతదా, కిరాయిదా? రేపు ఎత్తేసి పోతే?"

"సొంతదే, యాడికి పోత?"

"నువ్వు లేకుంటే ఫోన్ ఎవరెత్తుతరు?"

"మా అమ్మ. ఇంట్ల మేమిద్దరమే."

వెనక స్పీకరు దగ్గరికి వెళ్లాడు. చేతిలో స్క్రూడ్రైవర్ వణికింది.

"చెయ్యి గట్ల వణుకుతుందేంది?" మంగయ్య కళ్లు చిన్నవి చేశాడు. "తాగుతవా?"

"చాయ్ ఇస్తే తాగుత!" అన్నాడు వీరేందర్ చిర్రెత్తి.

కృష్ణమ్మ ఎందుకో కిసుక్కున నవ్వి లోపలికి కేకేసింది. సంతోషి ట్రేలో చాయ్ తెచ్చింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల, ఇవాళ తలొంచుకుని కప్పు అందించింది. రాబోయేవాడి కోసం ఇప్పటి నుంచే తల వంచడం నేర్చుకుంటోంది కాబోలు. వీరేందర్‌కు ఆ చాయ్ చేదుగా తగిలింది.

ఆమె సోఫాలో మధ్యన, అమ్మమ్మ పక్కన కూర్చుని కళ్లు మూసుకుంది.

"జర ఎడమకు," అంది, ఇంకా సౌండే పెట్టకముందే. "ఇంకా జర."

ఎన్నాళ్లు తిప్పుతాడు? ఎన్ని వైర్లు పరిస్తే మాత్రం వచ్చే పెళ్లికొడుకు ఆగుతాడు? వీరేందర్‌కు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. పోనీ, ఎవరింటికి పోయినా ఈ పిల్ల నవ్వుతూ ఉండాలి. చివరిసారిగా మనసుపెట్టి, దొంగవేషాలు లేకుండా, రెండు స్పీకర్లనూ సరిగ్గా ఆమె వైపు తిప్పి బిగించాడు. వైర్లు గోడ వారగా సర్దాడు. వాన సీను పెట్టాడు.

ఉరుము కుడి నుంచి ఎడమకు దొర్లింది. వాన గది నిండా, సోఫా చుట్టూ, అందరి వీపుల మీదా కురిసింది. మంగయ్య ఉలిక్కిపడి తలమీద తువ్వాలు కప్పుకున్నాడు. సంతోషి కళ్లు తెరవకుండానే పకపకా నవ్వింది.

అంతే చాలు. వీరేందర్ సంచి భుజాన వేసుకున్నాడు.

"పని అయిపోయింది సార్. ఇగ ఖరాబు గాదు," అన్నాడు బుచ్చయ్య ముఖం చూడకుండా. "వాళ్లొచ్చే టైమైనట్టుంది, నేను పోత."

"ఇంకా వచ్చేవాళ్లెవరూ లేరు గానీ కూకో అబ్బాయ్," అంది కృష్ణమ్మ గారెల పళ్లెం అతని ముందుకు జరుపుతూ, "మేం కోదాడ నుంచి చూడొచ్చింది నిన్నే."