తెల్ల ట్యూబు

కారు కిటికీ అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు నాలుగోసారి విరిగింది. ఎప్పటిలాగే తిన్నగా తమ్ముడి మెకానిక్ షెడ్డుకే వెళ్లాను.

"ఈ కాలం ప్లాస్టిక్ ఇంతే అక్కా, పుల్లలా విరుగుతుంది. దానికి తోడు నీ మోటు చెయ్యి!" అంటూ కొత్త క్లిప్పు బిగించాడు. డబ్బాలోంచి నల్ల గ్రీజు తీసి దానికి దండిగా పూశాడు.

"నా కారు సొరుగులో గుడ్డ ఉంటుంది, కాస్త తెచ్చిపెట్టు అక్కా" అన్నాడు.

వాడిదీ అచ్చం నా కారే. ఇద్దరం ఒకే రోజు కొన్నాం. వాడి అద్దాలు ఇప్పటికీ వెన్నలా జారతాయి.

సొరుగులో గుడ్డ కింద, సగం వాడిన తెల్ల ట్యూబు ఉంది. దాని మీద ఇలా రాసి ఉంది: 'సిలికాన్ గ్రీజు. ప్లాస్టిక్ భాగాలకు ఇదే వాడండి. మామూలు గ్రీజు పూస్తే పగులుతాయి.'

ట్యూబును ఎక్కడిదక్కడే పెట్టేసి, గుడ్డ తెచ్చిచ్చాను.

"మళ్లీ ఏదైనా అయితే నా దగ్గరికే రా అక్కా. బయటివాళ్లు నిలువునా ముంచేస్తారు" అన్నాడు.

"వస్తాలే. ఎన్నాళ్లకు రమ్మంటావు?" అన్నాను.

వాడు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.