ఎడమ పెడల్

పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు యంత్రాల పాఠాలు చెప్పి రిటైరైన నేను, మా మామగారి పాత సైకిల్‌కు తుప్పుపట్టిన ఎడమ పెడల్ ఊడదీయలేక నాలుగు రోజులుగా వరండాలో నానా తంటాలూ పడుతున్నాను.

కిరోసిన్ పోశాను. సుత్తితో కొట్టాను, అందులో రెండు దెబ్బలు నా బొటనవేలికే తగిలాయి. చివరికి పానాకు ఇనప గొట్టం తొడిగి దానిమీద నిలబడ్డాను. పెడల్ కదల్లేదు, నా నడుం పట్టేసింది.

మా ఆవిడ పక్కనే పీట వేసుకుని, తుప్పు గురించి నా ఉపన్యాసాలన్నీ వింది. క్లాసులో కూడా నా మాటలు ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

ఇవాళ నా మూలుగు విని జాలిపడినట్టుంది. "ఇటివ్వండి" అని పానా తీసుకుని, రెండో వైపుకి ఒక్క గుంజు గుంజింది. పెడల్ కిర్రుమంటూ కదిలింది.

"ఎడమ పెడల్‌కి మర రివర్సులో ఉంటుందండీ. మా నాన్న సైకిల్ షాపులో పదేళ్లప్పుడే నేర్చుకున్నా."

అంటే నాలుగు రోజులూ నేను దాన్ని విప్పలేదు, బిగించాను!

"మొదటి రోజే చెప్పచ్చుగా?" అని ఎగిరాను.

ఆమె చేతి తుప్పు తుడుచుకుంటూ, "రిటైరైన దగ్గర్నుంచీ గదిలో తలుపేసుకునే ఉన్నారు. ఏడాది తర్వాత ఈ నాలుగు రోజులే నాతో కూర్చుని మాట్లాడారు. ఇది ఊడితే మళ్లీ లోపలికి వెళ్లిపోతారేమోనని..." అంది.

సైకిల్‌ని రెండో వైపుకి తిప్పి నిలబెట్టాను. కుడి పెడల్ ఎటు తిప్పాలో నాకు బాగా తెలుసు.

"మరి ఇది ఎటు తిప్పాలి?" అని అడిగాను.

"ఏమో, నాకూ తెలీదు" అంటూ ఆమె పీట దగ్గరికి లాక్కుంది.