లైసెన్సు అక్కర్లేనిది

“ఒక తలనొప్పి బిళ్ళ ఇవ్వండి.”

మందుల షాపు యజమాని తలెత్తి చూశాడు. నిన్న వచ్చిన ముసలాయనే. మొన్న వచ్చిందీ ఆయనే.

“నిన్న తీసుకెళ్ళారుగా?”

“అవునండీ. ఇంకొకటి ఇవ్వండి.”

బిళ్ళ చేతికందినా ముసలాయన కదల్లేదు. కౌంటరు ముందున్న నేలనే చూస్తూ నిలబడ్డాడు.

“ఇంకేమైనా కావాలా?”

ఆయన నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

“ఏం లేదండీ.”

మెట్లు దిగి, ఎదురుగా ఉన్న చెప్పుల షాపు అరుగు మీద కూర్చున్నాడు. అక్కడినుంచీ ఇటే చూస్తున్నాడు.

యజమాని ఆ నేల వైపు చూడకుండా ముఖం తిప్పుకున్నాడు.

ఆ నేల మీద ఏం జరిగిందో వీధి వీధంతా తెలుసు.

ఎండాకాలంలో ఒక మిట్టమధ్యాహ్నం, మనిషి అలికిడి లేని వేళ, ఒక కుర్రాడు లోపలికొచ్చి గల్లాపెట్టె తియ్యమన్నాడు. వాడి చేతిలో ఏదో తళుక్కుమంది. యజమాని సొరుగులోంచి పిస్తోలు తీసి కాల్చాడు. లైసెన్సున్న పిస్తోలే. కుర్రాడు అక్కడే ప్రాణం విడిచాడు.

కత్తి మాత్రం వెంటనే దొరకలేదు. సాయంత్రానికి మందుల బీరువా కింద దొరికింది. కూరలు తరిగే మామూలు కత్తి. ఏ ఇంట్లోనైనా ఉంటుంది.

“షాపాయనే అక్కడ పడేసి ఉంటాడు,” అని వీధి గుసగుసలాడింది.

కత్తి కుర్రాడిదని తేలితే ఆత్మరక్షణ. తేలకపోతే హత్య. కేసు ఆ రెంటి మధ్య ఊగిసలాడుతుండగా ఆ కత్తి కుర్రాడు తెచ్చిందేనని ఎవరో గుర్తుపట్టారు. కేసు మూసేశారు. పిస్తోలు తిరిగి ఇచ్చేశారు.

గుర్తుపట్టింది ఎవరని అతను అడగలేదు. కుర్రాడిది ఏ ఊరో, ఇంట్లో ఎవరున్నారో కూడా అడగలేదు. అడిగితే వాళ్ళ ముఖాలు కళ్ళముందు నిలబడిపోతాయని భయం.

కాల్చేసరికి కుర్రాడు ముందుకు వస్తున్నాడా, వెనక్కి తిరుగుతున్నాడా? ‘ముందుకే’ అని పోలీసులకు చెప్పాడు. తనకు మాత్రం ఏమీ చెప్పుకోలేకపోయాడు. ఆ పిస్తోలును మళ్ళీ ముట్టుకోలేక ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఇప్పుడీ ముసలాయన. వకీలుగా ఉన్న బావమరిదికి ఫోను చేశాడు.

“ఒరేయ్, ఆ కుర్రాడి తాలూకు మనిషే అనుకుంటా. పగబట్టి తిరుగుతున్నాడు.”

“బెదిరించాడా బావా?”

“లేదు. బిళ్ళలు కొంటున్నాడు.”

“బిళ్ళలు కొనడం నేరమైతే నీ షాపుకొచ్చే వాళ్ళంతా జైల్లోనే ఉండాలి.”

“నీకు నవ్వులాటగా ఉంది. జేబులో పెప్పర్ స్ప్రే పెట్టుకున్నాను. తప్పా?”

“పెట్టుకుంటే తప్పు లేదు. దానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. చిక్కంతా అక్కడే ఉంది బావా. తుపాకీకైతే ఇది చెయ్యొచ్చు, ఇది చెయ్యకూడదు అని కాగితం మీద కాస్తయినా రాసుంటుంది. దీనికి గీత ఎక్కడుందో వాడాకే చెబుతారు.”

“అంటే?”

“అంటే, నువ్వు ఒకసారి కాల్చినవాడివి. ఇక కర్రముక్క పట్టుకున్నా అది జనానికి తుపాకీలానే కనబడుతుంది. కాస్త ఓర్చుకో.”

మర్నాడు పొద్దున షట్టరు తాళం తియ్యడానికి వంగాడు.

వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది.

“బాబూ, ఒక్క మాట...”

గిర్రున తిరిగి, జేబులోని స్ప్రే తీసి ఆ ముఖం మీద కొట్టేశాడు.

ముసలాయన అరవలేదు. రెండు చేతులతో కళ్ళు మూసుకుని మెట్ల మీద కూలబడ్డాడు. చేతిసంచి జారి బోర్లాపడింది. మడత పెట్టిన చొక్కా, నీళ్ళ సీసా, విప్పని తలనొప్పి బిళ్ళలు. అంతే.

జనం పోగయ్యారు.

“మళ్ళీ ఏం చేశావయ్యా?” అన్నాడు చెప్పుల షాపతను.

‘మళ్ళీ’ అన్న మాట సూదిలా దిగింది.

పోలీసులు వచ్చి ఇద్దర్నీ స్టేషనుకు తీసుకెళ్ళారు. యజమానిని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అక్కడికి కుళాయి కనబడుతోంది. ముసలాయన వంగి, దోసిళ్ళతో నీళ్ళు కళ్ళకు కొట్టుకుంటున్నాడు. ఎంత కడుక్కున్నా మంట తగ్గినట్టు లేదు.

లేచి వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాడు. బెంచీ మీదే ఉండిపోయాడు.

చాలాసేపటికి ఇన్‌స్పెక్టరు లోపలికి పిలిచాడు.

“ఇక మీరు వెళ్ళొచ్చు.”

“కేసు?”

“ఫిర్యాదు చెయ్యనన్నాడు. చెప్పకుండా వెనకనుంచి చెయ్యి వెయ్యడం తనదే పొరపాటన్నాడు. ‘ఆయన ఎంత భయంలో ఉన్నాడో నేను ఆలోచించాల్సింది’ అన్నాడు.”

యజమాని ముందు ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్నందుకు ఆ వెంటనే సిగ్గుపడ్డాడు.

“ఆయన ఎక్కడున్నారండీ?”

“ఇప్పుడే వెనక గుమ్మంలోంచి బస్సుకు వెళ్ళిపోయాడు. ఇక ఇటు రానని, మీరు నిశ్చింతగా షాపు తెరుచుకోవచ్చని చెప్పమన్నాడు.”

యజమాని గుమ్మంలోకి పరిగెత్తి రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. బస్సు కదిలిపోయిన చోట దుమ్ము మాత్రం ఉంది. తిరిగొచ్చి బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

“ఎవరండీ ఆయన?”

ఇన్‌స్పెక్టరు వింతగా చూశాడు.

“మీకు తెలీదా? ఆ రోజు ‘ఈ కత్తి ఎప్పుడూ చూడలేదండీ’ అని ఒక్క మాట అనుంటే, మీరు ఇవాళ జైల్లో ఉండేవారు. అలా అనమని ఆయన వైపువాళ్ళు ఎంత బతిమాలినా వినలేదు.”

“ఎవరు?”

“ఆ కత్తి మా వంటింటిదే, మావాడే తీసుకెళ్ళాడు అని సంతకం పెట్టిన మనిషి... ఆ కుర్రాడి తండ్రి.”