చెక్కు మీ పేరు మీద వద్దు

"అది వద్దమ్మా."

మాట పక్క కుర్చీలోంచి వచ్చింది. ఒడెట్ చప్పున ఫారం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

డెబ్బై ఏళ్లుంటాయి ఆయనకు. మోచేతుల దగ్గర అరిగిన స్వెటరు, చేతిలో పెన్సిలు. ఈ ఊరి మనిషి కాదు. ఈ ఊళ్లో ఆమెకు తెలియని ముఖం లేదు.

"ఏది వద్దు?" అంది.

"మీరు టిక్కు పెట్టిన ఆ ఫండు."

ఒడెట్‌కు ఒళ్లు మండింది.

పేపరు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. మొన్న ఏప్రిల్లో మిల్లు మూతపడింది. జీతంలోంచి నెలనెలా దాచుకున్న రిటైర్మెంటు సొమ్ము, లక్షా ఎనభై వేల డాలర్లు, ఇంకా మిల్లువాళ్ల ఖాతాలోనే ఉంది. దాన్ని ఐఆర్ఏ అనే సొంత ఖాతాలోకి మార్చుకోవాలి. ఏ ఫండులో పెట్టాలో తనే తేల్చుకోవాలి. అందుకే లైబ్రరీలో కూర్చుంది.

"మిల్లులో ఉన్నన్నాళ్లూ నా డబ్బు ఈ ఫండులోనే ఉంది. చదువుకున్నవాళ్లు చూసి పెట్టింది. మీకంటే వాళ్లకు తెలుసు."

ఆయన తల దించుకున్నాడు. తన పుస్తకంలో రెండు అంకెలు వేసి చూపించాడు.

"ఇది ఏటా మీ దగ్గర రెండువేల అయిదువందలు తీసుకుంటుందమ్మా. ఆ కింద ఉన్న ఫండు తొంభై. రెండూ కొనేది ఇంచుమించు అవే షేర్లు."

"నాకెప్పుడూ బిల్లు రాలేదే!"

"రాదు. లోపల్లోపలే కోసుకుంటారు."

రెండువేల అయిదువందలంటే చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉంచే హీటరుకు పోయించుకునే నూనె. ఒడెట్ ఆ అంకెలను మళ్లీ చదివింది. అయినా ఆయన వైపు అనుమానంగానే చూసింది.

"ఇంతకీ మీకేం ముడుతుంది?"

"ఏమీ లేదు."

ఓ యాభై ఇవ్వమంటే నమ్మేదేమో. ఏమీ లేదనేసరికి భయం పట్టుకుంది.

"ఇంకొక్క మాట. మిల్లువాళ్లు చెక్కిస్తే మీ పేరు మీద రాయించుకోకండి. మీరు ఖాతా తెరిచే కొత్త కంపెనీ పేరు మీదే రాయించండి. ఎందుకంటే..."

ఎందుకో వినడానికి ఆమె అక్కడ ఉంటేగా!

సాయంత్రం మరిది నార్మన్ బీన్సు తింటూ అంతా విన్నాడు. చెంచా బల్ల మీద పెట్టేశాడు.

"చెక్కు నీ పేరు మీద వద్దట! మరి ఎవడి పేరు మీద వదినా, వాడి బాబు పేరు మీదా?"

"కొత్త కంపెనీ పేరు మీదన్నాడు."

"ఎలకకి ఎవడైనా ఊరికే తిండి పెడతాడా? బోనులోనే పెడతాడు. వాడి సంగతి ఊళ్లో అనుకుంటుంటే విన్నాలే. మూడు వారాల నుంచీ అక్కడే కూర్చుంటున్నాడట. మిల్లులో పనిచేసినవాళ్లనే పలకరిస్తాడు, మిగతావాళ్ల జోలికి పోడు. వల ఎక్కడ వెయ్యాలో తెలిసినవాడు!"

మర్నాడు ఇద్దరూ కలిసే లైబ్రరీకి వెళ్లారు.

"ఎవరు పంపారు నిన్ను?" అన్నాడు నార్మన్.

"ఎవరూ పంపలేదు."

"ఇంతకుముందు ఏం చేసేవాడివి?"

ఆయన పెన్సిలును వేళ్ల మధ్య తిప్పాడు. "ఇలాంటి పనే."

"ఎక్కడ?"

ఆయన పుస్తకం మూసేశాడు.

నార్మన్ లైబ్రేరియన్ వైపు చూశాడు. ఆమె ఫోనెత్తింది. పదినిమిషాల్లో పోలీసు వచ్చాడు.

"పెద్దాయనా, మళ్లీ ఇక్కడికి రావద్దు. పదండి."

ఆయన వాదించలేదు. పుస్తకం సర్దుకున్నాడు. ఒడెట్ పక్క నుంచి వెళ్తూ, "ఆ కింద ఉన్నదమ్మా, మర్చిపోకండి," అన్నాడు.

ఒడెట్ ముఖం తిప్పుకుంది.

సోమవారం ఖాతా తెరవడానికి కొత్త కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఎవరో అమ్మాయి.

"మేడమ్, చెక్కు మీ పేరు మీద రాయించుకోకండి."

ఒడెట్ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఏమన్నావ్?"

"మా కంపెనీ పేరు మీద, మీ ఖాతా కోసమని రాయించండి. మీ పేరు మీదైతే అయిదో వంతు పన్ను కింద పట్టేసుకుంటారు. దాన్ని వెనక్కి తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి."

ఒడెట్ మెల్లగా తన ఫండు పేరు చెప్పింది. "దీని ఖర్చు ఎంతమ్మా?"

"మీ సొమ్ము మీద... ఏటా రెండువేల అయిదువందల ఇరవై."

"దాని కింద ఉన్నది?"

"తొంభై, మేడమ్."

ఆ కింద ఉన్నదే రాయమంది. ఫోన్ పెట్టేసి కారు తీసింది.

ఊళ్లో ఉన్నది ఒకటే మోటల్. ఆయన దిగిన గది ఖాళీగా ఉంది. మోటల్ ఆవిడ దుప్పట్లు తీస్తోంది.

"క్లఫ్ గారా? వారెన్ క్లఫ్. శుక్రవారమే వెళ్లిపోయాడు. ఫోన్ నంబరు కూడా ఇవ్వలేదు."

"ఎక్కడికెళ్లాడు?"

"ఇంకో మిల్లు ఊరికట. మీ కంపెనీవి మూతపడ్డ మిల్లులన్నీ తిరుగుతున్నాడు. ఇది మూడో ఊరన్నాడు."

ఒడెట్ మనసులో పాత పురుగు మళ్లీ కదిలింది. ఉద్యోగం పోయినవాళ్లను వెతుక్కుంటూ తిరిగేవాడెవడు? పైసా తీసుకోకుండా ఎందుకు తిరుగుతాడు?

తిన్నగా థెరీజ్ ఇంటికి పోయింది. మిల్లులో పాతికేళ్లు జీతాల లెక్కలు రాసిన మనిషి థెరీజ్. హెడ్డాఫీసు నుంచి వచ్చే ప్రతి కాగితం ఆవిడ చేతి మీదుగానే పోయేది.

"వారెన్ క్లఫ్ అనే పేరు ఎప్పుడైనా విన్నావా?"

థెరీజ్ నవ్వింది.

"వినకపోవడమేంటి ఒడెట్? బోస్టన్ హెడ్డాఫీసులో కూర్చుని మనందరి డబ్బూ ఆ ఫండ్లలో పెట్టించింది ఆయనే కదా!"