ఎనిమిదో కుర్చీ పరిచయం

మా ఫౌండేషన్ సలహా మండలిలో ఎనిమిది కుర్చీలు. అందరూ చనిపోయినవాళ్లే. మనిషి పోయేలోపు ఉద్యోగానుభవమంతా గొంతుతో సహా యంత్రంలోకి దించి పెట్టుకోవడం ఇప్పుడు ఏ ఆఫీసులో అయినా మామూలే. కప్పుకోవడానికి భుజాలుండవు గానీ, మీటింగు ముందు కుర్చీకి శాలువా మాత్రం కప్పాల్సిందే. శాలువా కప్పి, ఒక్కొక్కరి పరిచయం చదవడం నా పని.

ఇవాళ ఎనిమిదో కుర్చీకి కొత్త సభ్యురాలు వచ్చింది.

"నూకరత్నం గారు. ముప్పై ఆరేళ్లు ప్రభుత్వ నర్సు. నాలుగు వేల పైచిలుకు కాన్పులు చేశారు," అని చదివాను. ఆవిడ మా అమ్మ. ఆవిడ అనుభవం దించుకోవచ్చని ఆస్పత్రిలో కాగితాల మీద సంతకం పెట్టింది నేనే. ఇంటి సంగతులేవీ అందులోకి ఎక్కవని మేనేజరు ముందే చెప్పాడు. ముప్పై ఆరేళ్లలో ఏదో ఓ మూల నేను ఉండకపోతానా అనుకున్నాను.

శాలువా సర్దుతున్నట్టు వంగి, "అమ్మా, నేను సత్యవేణిని," అన్నాను.

"చెప్పు తల్లీ, ఎన్నో నెల?" అంది. అచ్చం అమ్మ గొంతే.

"నెల కాదమ్మా. నీ కూతుర్ని."

"నేను పురుడు పోసిన పిల్లలందరూ నా కూతుళ్లేనమ్మా. ఒక్కరినీ మరిచిపోలేదు. నువ్వెక్కడ పుట్టావు?"

"అనకాపల్లిలో, నువ్వు పనిచేసిన ఆస్పత్రిలోనే. నువ్వు ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, శ్రావణమాసం, రెండో శుక్రవారం. పెద్ద వాన."

అమ్మ కాసేపు వెతుక్కుంది.

"ఆ రోజు నేను డ్యూటీలో లేనమ్మా," అంది. "సెలవు పెట్టాను."