తాగే ఆకు

ఆ మొక్క పొగాకు కాదంటే శేషారత్నం నమ్మలేదు.

నమ్మడానికి ఆమె ఏమన్నా పొగాకుకు కొత్తా? భర్త పోయాక మూడెకరాల సాగూ ఒంటిచేత్తో లాక్కొస్తున్న మనిషి. ఆకును వేళ్ళ మధ్య నలిపి నాణ్యం చెప్పగలదు. కారంపూడిలో పొగాకు చేలో ఆమెను మించిన చేయి లేదని పేరు.

ఆమె చేను చివర పాకలో రెండేళ్ళుగా ఉంటున్న జక్కయ్య తాత మాత్రం, అది పొగాకు కాదనే అంటాడు.

ఆయన ఎక్కడివాడో, అంతకుముందు ఏం చేసేవాడో ఎవరికీ తెలియదు. మంచాన పడ్డ భార్య ఎలిజబెత్‌తో బండి దిగాడు, పాక అడిగాడు. పాక పక్కన రెండు మంచాలంత జాగాలో పది మొక్కలు పెంచుకుంటున్నాడు. వెడల్పాటి ఆకులు, వాటి మీద తెల్లటి నూగు. పట్టుకుంటే వేళ్ళకు జిగురు.

"ఇది పొగాకు కాకపోతే ఏంది తాతా?"

"తాగే ఆకమ్మాయ్."

"పొగాకు కూడా తాగేదేగా."

"చుట్ట చుట్టి కాదు, నీళ్ళల్లో కాచి తాగేది. మిషన్ ఆసుపత్రి తెల్ల డాక్టరమ్మ తన దేశం పోతాపోతా గింజలిచ్చింది. దీన్ని క్లారీ అనేది. మీ అవ్వ ఏది పెట్టినా కక్కుకుంటది. ఈ నీళ్ళు నాలుగు గుక్కలు పడితేనే ఆ పూట రెండు ముద్దలు లోపల నిలబడతయ్."

శేషారత్నం లోలోపల నవ్వుకుంది. సర్కారు పొగాకు మీద కొత్తగా పన్ను వేసిన రోజులవి. లైసెన్సు లేకుండా నాలుగు మొక్కలు వేసుకున్నవాళ్ళంతా, అడిగితే ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకుంటున్నారు. ముసలాయనా అదే పని చేస్తున్నాడనుకుంది.

అయినా కుతూహలం ఊరుకుంటుందా? సాయంత్రమయితే పాక ముందు చేరేది. తాత రెండాకులు కోసి, మరుగుతున్న నీళ్ళలో వేసి మూత పెట్టేవాడు. మూత తీస్తే చెమటా సాంబ్రాణీ కలిసినట్టు వాసన. చిటికెడు బెల్లం కలిపి, ఎలిజబెత్ తల తన మోచేతి మీదికి తీసుకుని గుక్కగుక్కగా పట్టేవాడు.

"నువ్వూ ఓ గుక్క తాగి చూడమ్మాయ్."

"నాకొద్దులే తాతా. కళ్ళు తిరిగి పడితే నన్నెవరు మోస్తారు?"

పైగా ఆయనకే పాఠాలు చెప్పేది. మొక్కల మధ్య ఇంకాస్త ఎడం ఉండాలనేది, అన్ని నీళ్ళు పెట్టకూడదనేది. తాత మొదటిసారి వింటున్నవాడిలా తల ఊపేవాడు.

"అట్లాగా అమ్మాయ్."

రెండో చలికాలం చివర మొక్కలు నిలువునా లేచి మొగ్గ తొడిగాయి. ఆ వారమే తాత భార్యను బండిలో నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వెళ్తూ, మొక్కలకు కాసిని నీళ్ళు పొయ్యమని శేషారత్నంతో చెప్పాడు.

నీళ్ళు పొయ్యడానికి వెళ్ళి మొగ్గలు చూసింది. ఆమె ప్రాణం విలవిల్లాడింది. పొగాకు పూస్తే బలమంతా పువ్వుకే పోతుంది, ఆకు పలచబడుతుంది. గింజ కావాలంటే తన చేలో లేదా?

పాపం, ముసలాయనకు ఈ మాత్రం కూడా తెలియదనుకుంది.

పది మొక్కల తలలూ గోటితో తుంచేసింది. పక్కన పొడుచుకొచ్చిన పిలకలు కూడా గిల్లేసింది. మర్నాడు కూడా వెళ్ళి, మిగిలిన పిలకలుంటే వెతికి తీసింది. చేసిన సాయానికి తనకే ముచ్చటేసింది.

మూడోనాడు తాత బండి దిగి, మొక్కల ముందు నిలబడిపోయాడు.

"పిలకలు కూడా తీశావా అమ్మాయ్?"

"ఒక్కటి మిగల్లేదు తాతా."

ఆయన మొండి కాడల్ని ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"చానా శుభ్రంగా తీశావు."

ఆ సాయంత్రం ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు. శనగపిండిలో ఉప్పూ కారం వేసి జారుగా కలిపాడు. లేత ఆకులు అందులో ముంచి, నూనెలో వేసి ఎర్రగా వేయించాడు.

కాదనలేక ఒక అంచు కొరికింది. నాలుక మండలేదు, తల తిరగలేదు. కాస్త చేదు, ఆ వెనకే ముగ్గిన పండు వాసన. నమ్మకం కుదరక ఇంకో ఆకు తిన్నది.

"తాతా, ఇది పొగాకు కాదు."

"కాదమ్మాయ్."

"మరి ఆ పూలు?"

"రెండేళ్ళకు గాని పుయ్యదు, పూసినాక బతకదు. తెచ్చిన గింజంతా అయిపోయింది. ఆ గింజతోటే మళ్ళా పెంచాల. యుద్ధమని ఓడలు రావట్లేదు, డాక్టరమ్మకు రాద్దామన్నా జాబు పోదు."

శేషారత్నం చేతిలో ఆకు పళ్ళెంలో పెట్టేసింది.

"తిను, చల్లారితే బాగుండదు," అన్నాడు తాత.

ఆ రోజు నుంచి, కొత్త పిలక వేస్తుందేమోనని ఆమె బిందెలతో నీళ్ళు మోసి పోసింది, తాటాకులు కప్పింది. పల్నాటి ఎండ ఊరుకోలేదు. కాడలు మాడిపోయాయి. తాత ఆకు కోసి, నీడన ఎండబెట్టి కుండలో దాచాడు. కుండ సగానికి రాగానే ఎలిజబెత్‌ను బండెక్కించి నడికుడి స్టేషన్‌కు బయల్దేరాడు. ఏ మిషన్ ఆసుపత్రి తోటలోనైనా గింజ దొరుకుతుందేమోనని.

తప్పయిందని చెప్పాలని బండి వెంట చాలా దూరం నడిచింది. చెప్పకుండానే వెనక్కి తిరిగొచ్చింది.

నెల తర్వాత ఆకు కొనడానికి రాజారత్నం వచ్చాడు. ఆమె పుట్టింటి ఊరివాడు, పాతికేళ్ళుగా ఊరూరా పొగాకు బేరాలు చేసే మనిషి. ఆయనకు జరిగిందంతా చెప్పి శేషారత్నం ఏడ్చింది.

"పొగాకు సంగతి ఏమీ తెలియని మనిషి గదా అని సాయం చేశాను బాబాయ్. ఒక్క మాట కూడా అనలేదు నన్ను."

"ఆయన పేరేందమ్మా?"

"జక్కయ్య."

రాజారత్నం చేతిలో ఆకు కింద పెట్టాడు.

"భార్య పేరు ఎలిజబెత్తేనా?"

"అవును. నీకెట్లా తెలుసు?"



"నువ్వు పుట్టకముందు మీ పుట్టింటి ఊరికి మొట్టమొదట పొగాకు నారు తెచ్చి, మీ నాయన చెయ్యి పట్టుకుని తలలు తుంచడం నేర్పిన మేస్త్రీ ఆయనేనమ్మా."